పెద్ద లేని ఇల్లు

కిందటి నెల సంఘం సమావేశం ముగిసి అందరమూ కాఫీలు తాగుతూ వుండగా ఒక పెద్దవారు మమ్మల్ని పక్కకు పిలిచారు. "మనుమడు రోజూ అమెరికా నుంచి ఫోనులో కనపడి మాట్లాడుతున్నాడు. కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, ఆఖరుకు పెళ్ళి సంబంధాలూ అందులోనే. ఇంతకూ యీ ఇంటర్నెట్టుకు యజమాని ఎవరండీ?" అని అడిగారు. అమెరికా ప్రభుత్వమని ఒకరన్నారు. పెద్ద కంపెనీలని మరొకరన్నారు. ఎవరూ లేరని ఒక కుర్రవాడన్నాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. ఆ సంగతే యీ నెల ముచ్చటించుకుందాము.

ముందు ఒక జీవకణం సంగతి. చిలీ దేశంలో మతురానా, వరేలా అనే ఇద్దరు జీవశాస్త్రజ్ఞులు 1970 ప్రాంతాల్లో ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు: ప్రాణమున్న దానికీ యంత్రానికీ తేడా ఏమిటి? మోటారు కారును కార్ఖానాలో ఎవరో చేస్తారు. కారు మరొక కారును చేయదు, తనను తాను బాగుచేసుకోదు. కణం అట్లా కాదు. తనలోని భాగాలను తానే తయారుచేసుకుంటుంది, తన చుట్టూ గోడను తానే కట్టుకుంటుంది. ఆ భాగాలే మళ్ళీ కణాన్ని నిలబెడతాయి. దీనికి వారు పెట్టిన పేరు ఆటోపొయెసిస్. మనం 'స్వయంసృష్టి' అనుకోవచ్చును.

తరువాత నిక్లాస్ లూమన్ అనే జర్మను సమాజశాస్త్రజ్ఞుడు 1984లో వెలువడిన గ్రంథంలో యీ భావాన్ని సమాజానికి పట్టించాడు. సమాజమంటే మనుషుల గుంపు కాదు, మాటల అల్లిక అన్నాడు. ఒక మాట మరొక మాటను పుట్టిస్తుంది, ఒక తీర్పు మరొక తీర్పుకు ఆధారమవుతుంది. ఇది వింతగా తోస్తే మన సంఘాన్నే చూడండి. స్థాపించిన వారిలో నేడు ఒక్కరూ లేరు. అద్దె ఇల్లు ఎన్నిసార్లు మారిందో లెక్క లేదు. అయినా సంఘం వున్నది. ఒక సమావేశం తరువాతి సమావేశానికి తేదీ పెడుతున్నది కనుక!

ఇంటర్నెట్టు కూడా యీ తీరుగానే పెరిగింది. నలుగురు ఇంజనీర్లు తమలో తాము రాసుకున్న పత్రాలు 1969లో మొదలైనాయి. "అభిప్రాయాలు చెప్పండి" అన్న వినయమైన పేరుతో వచ్చిన ఆ పత్రాలే నేటి నిబంధనలు. పాతదాని మీద కొత్తది నిలుస్తుంది. వాటిని దిద్దే సభలో ఓట్ల లెక్క లేదు. సరేననేవారిని గొంతులో 'ఊఁ' అని హుంకరించమంటారు, ఆ చప్పుడును బట్టి ఏకాభిప్రాయం వున్నదో లేదో అంచనా వేస్తారు! ఇక తీగెల సంగతి. డెబ్బై వేలకు పైగా విడివిడి నెట్‌వర్కులు "ఈ దారి నా గుండా పోతుంది" అని ఒకదానికొకటి చెప్పుకుంటూ, నమ్ముకుంటూ బతుకుతున్నాయి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబును ఆపబోయి చెప్పిన ఒక తప్పుదారి ప్రపంచమంతా పాకింది. రెండు గంటలపాటు ఎన్నో దేశాలవారికి యూట్యూబు కనపడలేదు. దానిని సరిచేసినది ఏ సర్కారూ కాదు, తోటి నెట్‌వర్కుల వాళ్ళే.

అయితే పేర్ల పుస్తకం ఒకటున్నది. ఏ పేరు ఏ చిరునామాకు చెందుతుందో చెప్పే జాబితా మొదలు అది. దానిని జాన్ పోస్టెల్ అనే పండితుడు చాలాకాలం ఇంచుమించు ఒంటిచేత్తో చూసుకున్నాడు. 1998లో ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. దానిమీద అమెరికా ప్రభుత్వపు ఒప్పందపు పట్టు 2016 సెప్టెంబరు ఆఖరుతో తీరిపోయింది. ఆ తరువాత ఐకాన్ జరుపుకున్న మొదటి మహాసభ ఆ నవంబరులో మన హైదరాబాదులోనే! అంతకుముందు 2008 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వారి ఇంటర్నెట్టు పాలన సభకూ హైదరాబాదే వేదిక.

మరి ప్రభుత్వాలు ఊరుకున్నాయా? 2012లో దుబాయిలో కొత్త ఒడంబడికకు 89 దేశాలు సంతకం చేశాయి, 55 దేశాలు అప్పటికి చేయలేదు. చేయని వాటిలో మన దేశమూ వున్నది. లూమన్ మాట ఇక్కడ పనికివస్తుంది: ఇటువంటి వ్యవస్థను బయటివారు కదిలించగలరు గాని, లోపల ఏమి చేయాలో శాసించలేరు. అట్లాగని ప్రభుత్వాలు బలహీనమని కాదు. 2011 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం దేశం మొత్తానికి ఇంటర్నెట్టు తెంచివేసింది. గొంతు నులమడం సులభం, పాట నేర్పడమే కష్టం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఆ పేర్ల పుస్తకానికి మొదట ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేమీ రావు. తెలుగువాడు ఎంత మొత్తుకున్నా దానికి వినపడదు. 2003లో ప్రపంచ లిపులను ఆ కొద్ది అక్షరాల్లోకి మార్చే పద్ధతి నిర్ణయమైన తరువాత దారి తెరుచుకున్నది. 2011లో '.భారత్' తెలుగు లిపిలో మూల జాబితాకెక్కింది. ఆపైన మన దేశపు తొమ్మిది లిపుల పండితులు కూర్చుని, ఏ అక్షరం తరువాత ఏది రావచ్చునో నిబంధనలు రాశారు. బళ్ళారి, బెంగుళూరు పాఠకులకు ఒక తమాషా: మన 'ర', కన్నడ 'ర' అక్కాచెల్లెళ్ళవలె వుంటాయి కదా? మోసగాళ్ళు ఒకదాని చోట మరొకటి పెట్టకుండా ఆ పోలికలనూ లెక్కలోకి తీసుకున్నారు. అంటే కోపంతో, అర్జీలతో మాత్రమే కాదు, ఆ వ్యవస్థకు అర్థమయ్యే వ్యాకరణంలో చెప్పినప్పుడే మన అక్షరానికి చోటు దొరికింది. అయినా తెలుగు చిరునామాను తప్పని తిప్పికొట్టే ఫారాలు నేటికీ వున్నాయి. పని ముగియలేదు.

ఒక్క హెచ్చరిక. తనంతట తాను నడిచేది న్యాయంగా నడుస్తుందని అర్థం కాదు. తన గోడ తానే కట్టుకునేది మనను గోడ బయటనూ వుంచగలదు. వరేలా కూడా జీవకణపు భావాన్ని సమాజానికి యథాతథంగా పట్టించడానికి సంకోచించాడు. మాటలు వాటంతట అవే పుట్టవు. ఎవరో కూర్చుని, ఓపికగా, మాట్లాడవలసిందే.

కనుక ఆ పెద్దవారికి మా జవాబు ఇది: ఆ ఇంటికి పెద్ద లేడండీ, వంతులవారీగా దీపం పెట్టేవాళ్ళున్నారు. మన పిల్లల్లో ఎందరో కంప్యూటర్ చదువులు చదువుతున్నారు. వారిలో ఒకరిద్దరైనా ఆ వంతు అందుకుంటే మన అక్షరానికి కాపలా వుంటుంది. ఇక మన సంఘం మాట వేరే చెప్పాలా? సర్వసభ్య సమావేశానికి కిందటేడు సగం కుర్చీలు ఖాళీ. ఈసారి కాఫీ వేళకు కాదు, కాస్త ముందుగానే రండి.