మంట రేపే కొవ్వు, మంట ఆర్పే కొవ్వు

కాలిలో ముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలను దాదాపు 2,000 సంవత్సరాల క్రితమే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. వైద్యులు శోథ అని పిలిచే ఈ వాపు దానంతట అది వ్యాధి కాదు; హాని కలిగించే దానిపై దేహం సాగించే పోరాటం. ఆ పోరాటంలో కొవ్వుకు ఎంత పాత్ర ఉన్నదో చాలాకాలం శాస్త్రజ్ఞులు గుర్తించలేదు.

పోరాడే సైనికులెవరో మాత్రం 1882లోనే తెలిసింది. సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఒకనాడు ఇంటివారంతా సర్కస్‌కు వెళ్లగా, రష్యన్ జీవశాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. తోటలోని గులాబీ ముళ్లు తెచ్చి, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రమీనపు పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే సంచార కణాలు ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి. పరాయి పదార్థాన్ని మింగివేసే భక్షక కణాల సిద్ధాంతం అలా రూపు దిద్దుకున్నది. 1908లో పాల్ ఎర్లిక్‌తో పాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మానవ దేహంలో ఈ పని చేసే కణాలలో మాక్రోఫేజ్ ముఖ్యమైనది. గ్రీకు నుంచి వచ్చిన ఈ మాటకు 'పెద్ద తిండిపోతు' అని అర్థం. సూక్ష్మజీవి జాడ తగలగానే దాని నడవడి మారిపోతుంది. రక్తం నుంచీ, తాను మింగిన శిథిల కణాల నుంచీ కొవ్వు ఆమ్లాలను సేకరిస్తుంది. కొన్నింటిని తానే తయారు చేసుకుంటుంది. ఈ ఆమ్లాలు విడివిడిగా పేరుకుంటే కణానికే హాని చేస్తాయి. అందుచేత మూడేసి ఆమ్లాలను ఒక గ్లిసరాల్ అణువుకు కట్టి, మెరిసే చిన్న చిన్న బిందువులుగా దాచిపెడుతుంది.

ఈ బిందువులను ఎంతోకాలం ధాన్యపు గాదెల వంటివిగానే భావించారు. అయితే గాదెలోని గింజ తిండికీ విత్తనానికీ పనికివచ్చినట్లే, ఈ కొవ్వుకు కూడా ఒకటికి మించిన ఉపయోగాలున్నాయి.

మొదటిది ఇంధనం. ఎంజైములు ఆమ్లాలను ఒక్కొక్కటిగా విడదీస్తే, కణంలోని మైటోకాండ్రియాలు వాటిని మండించి శక్తిని తీస్తాయి. పోరు ముమ్మరంగా ఉన్నప్పుడు మాక్రోఫేజ్ ప్రధానంగా చక్కెరపై ఆధారపడి కొవ్వును కూడబెడుతుంది. గాయం మానే దశలో కొవ్వును మండించడం వైపు మొగ్గు చూపుతుంది.

రెండవది సందేశం. అరాకిడోనిక్ ఆమ్లం 20 కర్బన పరమాణువులు గల కొవ్వు ఆమ్లం. కణపు పొరలోనూ, ఈ బిందువులలోనూ అది నిల్వ ఉంటుంది. దాని నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, నొప్పిని పెంచుతాయి, జ్వరం తెస్తాయి. 1899 నుంచి అమ్ముడవుతున్న ఆస్పిరిన్ వీటి తయారీనే అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. అంటే ఏడు దశాబ్దాల పాటు లోకం ఆ మాత్ర ఎలా పని చేస్తుందో తెలియకుండానే మింగింది!

మూడవది ఆయుధం. సూక్ష్మజీవులను చంపే ప్రోటీన్లు కొవ్వు బిందువుల ఉపరితలంపైనే మోహరించి ఉంటాయని 2020లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. అపాయ సంకేతం అందగానే ఆ బిందువులు మైటోకాండ్రియాలకు దూరంగా జరుగుతాయి. కొవ్వు పొయ్యిలోకి పోకుండా రక్షణకు మిగులుతుంది.

ఇక మంట రేగిన తరువాత ఆరేదెట్లా? దానంతట అదే చల్లారుతుందని పూర్వం అనుకునేవారు. 1984లో చార్లెస్ సెర్హన్, బెంగ్ట్ శామ్యుయెల్సన్, వారి సహచరులు లిపాక్సిన్లు అనే పదార్థాలను వెల్లడించారు. ఇవీ అరాకిడోనిక్ ఆమ్లం నుంచి పుట్టేవే. కాని ఇవి శోథను ముగించే వైపు పని చేస్తాయి. చేప నూనెలో సమృద్ధిగా ఉండే ఒమేగా-3 ఆమ్లాల నుంచి పుట్టే రిసాల్విన్లు కూడా ఈ కోవలోనివే. అంతమాత్రాన చేప నూనె సర్వరోగ నివారిణి అనుకోరాదు. కణం ఏ ఆమ్లాన్ని ఎప్పుడు, ఏ ఎంజైముకు అందిస్తుందన్నదే కీలకం.

ఈ జమాఖర్చులు తప్పితే ప్రమాదం. ధమనుల గోడలలో మాక్రోఫేజ్‌లు మోయలేనంత కొవ్వును మింగి నురుగు ముద్దలవలె ఉబ్బిపోతాయి. గుండెపోటుకు దారి తీసే పూడికలు అలాగే మొదలవుతాయి. క్షయ రోగి ఊపిరితిత్తులలో కూడా ఇటువంటి నురుగు కణాలు కనిపిస్తాయి. మెచ్నికోవ్ ముళ్లు గుచ్చిన 1882లోనే, బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని ప్రపంచానికి ప్రకటించాడు. ఆ క్రిమి తనను మింగిన కణంలోనే కాపురం పెట్టి, ఆ కణపు కొవ్వునూ కొలెస్టరాల్‌నూ ఆహారంగా వాడుకోగలదు. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నందున, ఈ విషయం ఇక్కడివారికి దూరపు సంగతి కాదు.

ఇంతకాలం శోథకు వాడుతున్న మందులలో అధికభాగం మంటను అణచివేసేవే. దేహానికే తెలిసిన ముగింపును త్వరపరిచే మందుల కోసం ఇప్పుడు అన్వేషణ సాగుతున్నది. ముల్లు తీసిన కొన్నాళ్లకు వాపు తీసి, ఎరుపు తగ్గి, అడుగు మళ్లీ నేలపై నిబ్బరంగా పడుతుంది. ఆ నయం కావడం వెనుక కూడా కొవ్వు ఆమ్లాల పని ఉన్నది.