చౌకదుకాణమునకు జొన్నలు రావలయును

కుటుంబమునకు ఆరోగ్యకరమును న్యాయసమ్మతమును అగు ఆహారము నెంచుకొనుడని బోధించువారికి ఈ కాలమున కొదువలేదు. వైద్యుడు చెప్పుచున్నాడు, టీవీ చెప్పుచున్నది, చిరుధాన్యముల పొట్లము మీద ముద్రించిన పచ్చని ఆకు సైతము చెప్పుచున్నది. అయితే ఎంచుకొనుటకు ముందు ఎదుట రెండు వస్తువు లుండవలయును గదా. ఆ రెంటి ధరయు చేతిలోని డబ్బునకు అందవలయును గదా! జహీరాబాదు ఎఱ్ఱనేలలలోనో అనంతపురము మెట్టలలోనో జొన్నయు రాగియు పండించు చేతులు ఇంట రేషను బియ్యమునే ఎసట పోయుచుండగా, ఆ గింజలే నగరములలోని అద్దాల అంగళ్లకు చేరి సొగసైన సంచులలో సన్నబియ్యముతో పోటీపడు ధర పలుకుచున్న వింతను చూచుచు, తల్లులకు పోషకాహార పాఠములు చెప్పుట మాకు సమంజసముగా తోచదు. కోరిన ప్రతి కుటుంబమునకును రేషను దుకాణములో బియ్యమునకు బదులుగా కొంత జొన్నలో రాగులో ఇచ్చు ఏర్పాటును రెండు తెలుగు ప్రభుత్వములును నిలుకడయైన హక్కుగా చేయవలయును.

కిలో రెండు రూపాయల బియ్యమును 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆరంభించినప్పుడు ఎన్నో పేదయిండ్ల ఆకలి చల్లారినది. దానిని చిన్నచూపు చూచుట కడుపు నిండినవారికే చెల్లును. పండుగనాడు గాని వరియన్నము నెరుగని మెట్టప్రాంతములవారు దానికై ఆశపడుటలోను తప్పు లేదు. కాని ఇంటికి వచ్చు తిండి ఒక్క బియ్యమే యైన వెనుక జొన్నచేను పత్తిచేనుగా మారినను, బీడుపడినను పొయ్యికడ అడుగువాడు లేకపోయెను. ప్రజలే అన్నమును కోరుచున్నారని అధికారులు చెప్పు సమాధానము సగము నిజము. నాలుగు దశాబ్దములు ఒకే గింజను చౌకగా పెట్టి, తదుపరి అదియే ప్రజల రుచి యనుట న్యాయము కాదు.

తెల్లబియ్యపు ముప్పు మనకు తెలియనిది కాదు. ఆంగ్లేయుల పాలనలో, మరపట్టిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి వేరూని యుండగా, మెకారిసన్, ఆ వెనుక ఎక్రాయిడ్ అను శాస్త్రజ్ఞులు కూనూరు పరిశోధనాలయమున ఈ విషయమునే శోధించిరి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందినది. దాని పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మరపట్టిన బియ్యములో అది పదికి మించదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కలో పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశములో 58.8 శాతము, తెలంగాణములో 57.6 శాతము. ఇందు తిండి ఒక్కటే కారణము కాకపోవచ్చును గాని, అందరికి వడ్డించి అడుగున మిగిలినదానితో సరిపెట్టుకొను ఇల్లాలి కంచము కారణము కాదనుటకు ఎవరికిని నోరు రాదు. (కొఱ్ఱన్నము సర్వరోగములను కుదుర్చునని ఊరూర ఉపన్యసించువారితో మాకు పొత్తు లేదు, మూడు కంచములు లాగించిన మధుమేహికి కొఱ్ఱలైనను చేయగలిగినది తక్కువ.)

రాగి పేరిట అమ్ముడుపోవు బిస్కట్టు పొట్లమును ఒకదానిని వెనుకకు త్రిప్పి చూడుడు. పదార్థముల జాబితాలో ఏది ఎక్కువ బరువున్నదో అది ముందు రావలయునని నియమము. పెక్కింటిలో మైదా, చక్కెర, పామాయిలు ముందువరుసలో కూర్చుండగా రాగిపిండి ఎక్కడనో వెనుక, చీమతలకాయలంత అక్షరములలో, అదియు ఇంగ్లీషున దర్శనమిచ్చును. లేబులు ఇంగ్లీషులోనో హిందీలోనో యున్న చాలునని చట్టము చెప్పుచున్నది. తెలుగు అమ్ముదారుని దయాధర్మము. తెలుగు తప్ప వేరు లిపి నెరుగని తల్లిని వివేకముతో కొనుమని చెప్పుట పరిహాసము.

ఒక అభ్యంతరమును మాత్రము మేము తేలికగా త్రోసివేయజాలము. జొన్నరొట్టె శ్రమతో కూడిన వంట. గోధుమపిండివలె సాగని ఆ పిండిని మరిగిన నీటితో వేడి వేడిగా పిసికి, అరచేత తట్టితట్టి అంచు పగులకుండ వెడల్పు చేసి, పెనముపై వేసి, తడిగుడ్డతో అద్ది కాల్చవలయును. పొలమునుండి పొద్దుక్రుంకి వచ్చిన స్త్రీయే ఐదుగురికి ఇది చేయవలయునన్నచో, ఆరోగ్యము పేరిట ఆమె నెత్తిన మరియొక మోపు నెత్తినట్లే. ఇంటి మగవారు రొట్టె తట్ట నేర్చుకొనవలయును. అది అసాధ్యమని మేమనుకొనము; హోటళ్లలో తట్టుచున్నది పలుచోట్ల మగవారే గదా. రాగి సంగటికి ఇంత తంటా లేదు.

రేషనులో జొన్న లిచ్చుట ఆచరణకు రాని ఊహ యనువారు జహీరాబాదు చెంతనున్న పస్తాపూరు వైపు చూడవలయును. పి.వి. సతీష్ తదితరులు స్థాపించిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, అధికసంఖ్యాకులు దళితులు, 1990ల దశకములోనే బీడుభూములను సాగులోనికి తెచ్చి, పండిన జొన్నలను ఊరిలోనే నిలువచేసి, ఏ ఇంటికి ఎంత కరవో తామే నిర్ణయించి చౌకగా పంచిరి. ప్రభుత్వపు గోదాము, లారీ, గుమాస్తా లేకయే ఆ పని జరిగినది. పొరుగున కర్ణాటకములో రేషనున రాగియు జొన్నయు ఇచ్చుచున్నారు. ఒడిశాలో 2017 నుండి చిరుధాన్యములకు ప్రత్యేక పథకమే నడచుచున్నది. ఆంధ్రప్రదేశమున 2023లో బడిపిల్లలకు రాగిజావ యారంభమైనది. ఆ అడుగు సరియైనది. బడిలో రుచి తెలిసిన జావ పిల్లవాని ఇంటికిని రావలయును గదా.

ఇందుకు కొత్త చట్టమక్కరలేదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టమే బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యములను కిలో రూపాయికి పేర్కొన్నది. 2023 జనవరి నుండి ఆ ధాన్యము ఉచితమే. జొన్నలతోను రాగులతోను మొదలిడుట యుక్తము. ఎందుకనగా కొఱ్ఱలు, సామలు, అరికెలవలె వీనికి పొట్టు తీయు యంత్రము వలదు, ఊరి పిండిమర చాలును. కేంద్రము 2025-26కు రాగులకు క్వింటాలునకు 4,886 రూపాయలు, సాధారణ రకపు వరికి 2,369 రూపాయలు మద్దతుధరగా నిర్ణయించినది. కాగితముమీద రాగిరైతుదే పైచేయి. కొనుగోలు కేంద్రము తెరువనిచో ఆ ధర దళారి నోటిలో సగమగును. కనుక ఏ మండలమున ఎన్ని క్వింటాళ్లు కొందురో, ఏ కేంద్రమున కొందురో, తొలకరికి ముందే, రైతు విత్తనము కొనకముందే, ప్రభుత్వములు ఉత్తరువు వెలువరింపవలయును. విత్తిన వెనుక వచ్చు ఉత్తరువు ఆ యేటికి పనికిరాదు.