ముడి పడాలి... విప్పితే రావాలి!

మేకు లేదు, మర లేదు. దుంగల్ని తాడుతో బిగించి కడితే తెప్ప! ఉద్దానం తీరంలో తరతరాలుగా గంగపుత్రులు కడలి మీదికెళ్లింది ఆ ముడిని నమ్ముకునే. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఆరబెట్టాలి. అందుకే పీటముడి పనికిరాదు. లాగితే బిగియాలి, పనైపోయాక చేత్తో ఊడిరావాలి.

కవిటి, సోంపేట కొబ్బరితోటల పీచుతో తాళ్లు పేనిన నేల ఇది. తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి, వెంటే నైలాన్ తాళ్లూ వచ్చాయి. నైలాన్ గట్టిదే, కానీ నున్నగా జారుతుంది. తెగినచోట ముడేస్తే సరిపోదా? సరిపోదు. ముడి దగ్గర తాడు బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. పేటలు విడదీసి అల్లితే మాత్రం చాలావరకు నిలుస్తుంది.

అల్లిక కష్టమేం కాదు. రెండు కొసల్లో మూడేసి పేటలు విప్పి ఎదురెదురుగా కలపాలి. ఒక్కో పేటనూ అవతలి తాడులో ఒక పేట మీదుగా పోనిచ్చి, తర్వాతి పేట కిందనుంచి లాగాలి. పీచుతాడుకు మూడు వరసలు చాలు. నైలాన్‌కు కనీసం ఐదు కావాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలికి కొబ్బరితోటలే నేలకొరిగాయి. అంతటి గాలొస్తుందంటే పడవను ముందే మెరకకు లాగాలి. అక్కడా దాన్ని పట్టి ఉంచాల్సింది తాడే. హెచ్చరిక వచ్చాక తాడు వెతుక్కుంటే ఏం లాభం? ఒరుసుకుపోయిన చోటు కోసి అల్లడానికి పట్టేది కాసేపు. పోయిన పడవను మళ్లీ కొనడానికి... ఏళ్లు!