కోతల టైంల మనం కొనిచ్చే రంగు సీసా

ఈ రోజు రేట్ల గురించి కాదు, యూరియా గురించి కాదు. మన పొలాల కాడికి వచ్చిన ఒక కొత్త అలవాటు గురించి రాస్తున్న. పోస్టు జర పెద్దగుంటది, ఓపికతోని చదవుండ్రి.

మునుపు కైకిలోళ్లు వస్తే పొద్దుగాల చాయ్, పగటీలి సల్ల పోసేటోళ్లం. ఇప్పుడు వరికోత మిషన్ డ్రైవర్ వస్తనే "అన్నా, ఎనర్జీ డ్రింక్ తెప్పియ్" అంటున్నడు. పత్తికి మందు కొట్టే పిలగాడు అదే అడుగుతున్నడు, హమాలీలు అదే అడుగుతున్నరు. ఇరవై రూపాయలే కదా, పని జల్ది అయితదని మనం కూడా కిరాణం నుంచి తెప్పించి ఇస్తున్నం.

నేను కూడా ఇచ్చిన. పోయిన యాసంగి కోతలప్పుడు మా పొలంల మిషన్ డ్రైవర్‌కు రెండు రాత్రులు నిద్ర లేదు. మూడు సీసాలు తాగి, తెల్లారేసరికి ఒడ్డు మీద కూలబడ్డడు. చేతులు వణుకుతున్నయి, గుండె దడదడ కొట్టుకుంటుందన్నడు. దవాఖానకు తీస్కపోతే మంచిగైండు. కానీ ఆ మూడు సీసాలు కొనిచ్చింది నేనే. ఆ రోజు నుంచే సీసా మీది చిన్న అక్షరాలు చదువుడు మొదలుపెట్టిన.

ఈ డ్రింకులకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016ల రూల్స్ పెట్టింది. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫిన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల చిన్న సీసాల 75 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. రెండు, మూడు చిన్న కప్పుల చాయ్‌ల ఉన్నంత అనుకోండ్రి. చాయ్ ఊదుకుంట తాగుతం, ఇది ఒక్క గుక్కల దింపుతం. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగొద్దని, రోజుకు 500 మిల్లీలీటర్లు దాటొద్దని సీసా మీదనే రాయాలె. అంటే రెండు చిన్న సీసాలకే లెక్క నిండింది. మా డ్రైవర్ తాగినవి మూడు.

ఇది బలం ఇస్తదనుకునుడే మన పొరపాటు. ఒళ్లు అలిసిపోతే "ఇగ చాలు, పండుకో" అని మెదడుకు చెప్పే పదార్థం ఒకటుంటది, దాని పేరు అడెనోసిన్. కెఫిన్ దానికి అడ్డం పడతది. అలసట పోదు, మనకు తెల్వకుండ పోతది. మోటర్ మీద లోడ్ పడితే స్టార్టర్ ట్రిప్ అయితది కదా, ఆ స్టార్టర్‌ను తాడుతోని కట్టేసి మోటర్ నడిపినట్టే ఇది. నీళ్లు పోస్తనే ఉంటది, లోపల కాయిల్ కాలుతనే ఉంటది.

గుండె వేగం పెరుగుతది, బీపీ పెరుగుతది. మన ఎండలల్ల చెమటతోని ఉప్పు, పొటాషియం పోతయి. గుండె వరుస తప్పకుండ కొట్టుకోవాలంటే అవే కావాలె. 2019ల అమెరికాల 34 మంది ఆరోగ్యవంతులకు ఒక గంటల లీటరుకు దగ్గరగా ఎనర్జీ డ్రింక్ తాగించి ఈసీజీ తీసిండ్రు. గుండె కొట్టుకునే కరెంటు లయల తేడా కనపడ్డది, నాలుగు గంటల తర్వాత కూడా ఉన్నది.

"ఒక్క సీసాకే గుండె ఆగుతదా?" అంటరు. నిజమే, ఆరోగ్యంగ ఉన్న పెద్దమనిషికి ఒక సీసాతోని ఏం కాకపోవచ్చు. ఊర్ల ఎవరన్న చిన్న వయసుల గుండెపోటుతోని పోతే దీని వల్లనే అని చెప్పుడు కూడా తప్పు. కానీ ఖాళీ కడుపు, ఎండ, నిద్ర లేకపోవుడు, ఎన్నడూ చూపించుకోని బీపీ, ఇవన్నీ కలిసిన మనిషికే మనం రెండోది, మూడోది ఇస్తున్నం. కొందరు పొద్దూకినంక మందుల కలుపుకుంటున్నరు. అట్ల తాగితే నిషా ఎక్కింది తెల్వక ఇంకింత తాగుతరు.

పిల్లల సంగతి ఇంకా అన్యాలం. లిథువేనియా 2014లనే, పోలండ్ 2024ల 18 ఏండ్ల లోపోళ్లకు అమ్ముడు బంద్ పెట్టినయి. మన ఊర్ల అయిదో తరగతి పిలగాడు ఇరవై రూపాయలు పట్టుకపోతే ఇచ్చేస్తరు. ఆ ఇరవై ఇచ్చేది మనమే.

నకిరేకల్ మార్కెట్ల నిమ్మకు రేటు లేదని మనమే మొత్తుకుంటం. ఒక లీటరు మంచినీళ్లల్ల ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతోని తలగొట్టి కలిపి నిమ్మకాయ పిండితే చెమటతోని పోయింది తిరిగొస్తది. పాలమూరు జొన్న అంబలి, సల్ల ఎటూ ఉన్నయి.

అసలు మందు మాత్రం నిద్రనే. మబ్బు పట్టిందని, మిషన్ మళ్ల దొరకదని మనం తొందర పెడతం. ఆ తొందరకే డ్రైవర్ సీసా తాగుతున్నడు. ఇద్దరు డ్రైవర్లున్న మిషన్ మాట్లాడుకుందాం, లేకుంటే నాలుగు గంటలు పండుకోనిద్దాం. ఎవరికన్న దడ, ఛాతీల నొప్పి, కండ్లు తిరుగుడు ఉంటే పని ఆపి 108కి ఫోన్ చేయుండ్రి.

పంట ఒక రోజు ఆగుతది. మనిషి గుండె ఆగితే మళ్ల రాదు. నేనైతే నా పొలం కాడ ఆ సీసా బంద్ పెట్టిన. మీరు కూడా ఆలోచన చేయుండ్రి.