సైనికుడి కార్డు పార్కు గేటు దగ్గర చెల్లదా?

మినుము పీకి కుప్ప వేశాం, నూర్పుకి మిషను ఎల్లుండి గానీ రాదంట. ఈ తీరికలో పది రోజులుగా మనసులో పడి ఉన్న మాట ఒకటి రాస్తున్నా. వ్యవసాయం సంగతి కాదు, అయినా చదవండి.

మా ఊళ్ళో నాకు అన్న వరసయ్యే ఆయన ఇరవై నాలుగేళ్ళు మిలటరీలో చేసి హవల్దారుగా రిటైరయ్యారు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు అక్కడే ఉన్నారు. ఇప్పుడు కొడుకు దగ్గర టౌనులో ఉంటున్నారు. మోకాలు సరిగా లేదు, రోజూ చదునైన చోట నడవమన్నాడు డాక్టరు. ఊళ్ళో అయితే చెరువుగట్టు ఉంది, టికెట్టు లేదు. టౌనులో బండ్ల గోల లేని చోటంటే పార్కు ఒక్కటే. మొన్న నేనూ వెంట వెళ్ళా. మాజీ సైనికుడి కార్డు చూపిస్తే గేటు దగ్గర కుర్రాడు "ఇది ఇక్కడ చెల్లదు తాతా, ఇరవై తియ్" అన్నాడు. అన్నయ్య మారు మాట్లాడకుండా తీసి ఇచ్చారు. నాకే ఒళ్ళు మండింది. కుర్రాడి తప్పు కాదులెండి, వాడికి చెప్పినవాళ్ళు లేరు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఫోనులో ఈ సంగతి చెప్తే, వాడు తన సంగతి చెప్పాడు. ఆఫీసులో తోటి మనిషి ఒకాయన మాజీ సైనికుడంట, ఆయన కారులో గ్రాండ్ కాన్యన్ వెళ్ళారు. కారుకి 35 డాలర్లు, మన లెక్కలో మూడు వేల దాకా. ఆయన కార్డు చూపించగానే కారులో ఉన్న అందరినీ పంపేశారు. 2022 నవంబరు 11 నుంచి అక్కడ మాజీ సైనికులకి జీవితాంతం ఉచిత పాసు ఇస్తున్నారు. అమరుల కుటుంబాలకీ అంతే. నేషనల్ పార్కులు, అడవులు అన్నీ కలిపి రెండు వేలకు పైగా చోట్ల చెల్లుతుంది. ఆ చట్టానికి అలెగ్జాండర్ లాఫ్‌గ్రెన్ పేరు పెట్టారు. అఫ్ఘానిస్తాన్‌లో పనిచేసి వచ్చిన సైనికుడు, 2021లో డెత్ వ్యాలీ పార్కులో ప్రమాదంలో చనిపోయాడు.

"పింఛనుంది, క్యాంటీనుంది, మళ్ళీ ఇదెందుకు? ఉచితాలు వద్దని నువ్వే రాశావుగా" అని మన గ్రూపులోనే ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. రాశాను, ఇప్పుడూ అదే మాట. కానీ పింఛను చేసిన పనికి కూలి. ఇది మర్యాద. ఆగస్టు పదిహేనుకి స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతాం కదా, ఆ శాలువా ఖర్చుతో అన్నయ్య నెల రోజులు పార్కులో నడవొచ్చు. అయినా రోజుకి ఎంతమంది వస్తారండీ? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మున్సిపాలిటీ ఏమీ మునిగిపోదు.

ఒక్కటి మాత్రం గట్టిగా అడగాలి. దీనికి కొత్త అర్జీ, ఆధార్ జిరాక్సు, వేలిముద్ర అనకూడదు. ఈ-కేవైసీ కోసం మనం పడ్డ తిప్పలు చాలు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు వాళ్ళిచ్చిన కార్డు అందరి దగ్గరా ఉంది, చనిపోయినవాళ్ళ భార్యల దగ్గరా ఉంది. అది చూపిస్తే లోపలికి పంపాలి, అంతే.

సోమవారం కలెక్టరు ఆఫీసులో గ్రీవెన్సుకి కాగితం రాసుకుని వెళ్తున్నా. అన్నయ్య వద్దంటున్నారు, ఇరవై రూపాయలకి గొడవెందుకురా అని. ఆయన రాకపోయినా నేను వెళ్తా. సంతకం పెట్టేవాళ్ళు ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు దగ్గరికి రండి. ఎనిమిదింటి బస్సు పట్టుకోవాలి.