కోచింగ్ వీధుల్లో సిగరెట్ అమ్మకాలపై వినతిపత్రం

గౌరవనీయులైన హైదరాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,

విషయం: అశోక్‌నగర్, చిక్కడపల్లి కోచింగ్ సెంటర్లు, లైబ్రరీ పరిసరాల్లో విడి సిగరెట్ల అమ్మకం అరికట్టడం గురించి.

అయ్యా,

మేము ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు చదువుతున్నవాళ్లం. సిగరెట్ మానలేకపోతున్నవాళ్లు కూడా కింద సంతకాలు చేశారు.

పొద్దున్నే గ్రౌండ్ నుంచి వచ్చి చాయ్‌కి ఆగితే పక్కనే పాన్ డబ్బా, దాని గుంజకు తాడుతో వేలాడే లైటరు. పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక వేయించారు గానీ, ఒక్కొక్కటిగా కొనేవాడికి ఆ పెట్టె కంటబడితే కదా!

ఇరవై రెండేళ్ల ఒంటికి ఏమవుతుందిలే అన్నది మావాళ్ల ధీమా. కానీ ముట్టించిన కొద్ది నిమిషాలకే నికోటిన్ వల్ల నాడి నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. బీపీ పెరుగుతుంది, వేళ్లు చల్లబడతాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. అలాంటి రక్తంతో పోలీసు ఉద్యోగాల 1600 మీటర్ల పరుగుకు దిగితే ఆయాసం రాక ఏం చేస్తుంది? కొందరు కొవిడ్ నాటి ఆక్సీమీటరు వేలికి తగిలించి, 98 చూపించిందని మురుస్తారు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆ మామూలు పరికరం ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుందని వాళ్లకు తెలియదు.

పరీక్ష వాయిదా పడిన రోజు డబ్బాల దగ్గర జనం రెట్టింపవుతారు. ఆ వాయిదాల గురించి వేరే వినతిపత్రం ఇచ్చుకుంటాం.

విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని, 18 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. అడిగితే, "కోచింగ్ సెంటరు కాలేజీ ఎట్లయితది?" అని డబ్బావాళ్లు మమ్మల్నే నిలదీస్తున్నారు. వాళ్ల పొట్ట కొట్టమని మేం అడగడం లేదు. చాయ్, బిస్కెట్లు అమ్ముకోనివ్వండి.

కాబట్టి తమరు దయచేసి స్కూళ్లు, కాలేజీల చుట్టూ 100 గజాలు కొలిపించి గీత గీయించండి. కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు ఆ నిబంధన కిందికి రావంటే, వాటిని చేర్చాలని ప్రభుత్వానికి ప్రతిపాదన పంపండి. జరిమానా 200 రూపాయలు దాటదు కనుక ఒక్కరోజు తనిఖీకి ఎవరూ జంకరు. అధికారులు పదేపదే రావాలి, ఆ లైటర్లు తీయించాలి. లైబ్రరీ దగ్గర నెలకోసారి నాడి, బీపీ చూసే శిబిరం పెట్టించి, ఊపిరి ఊదితే కార్బన్ మోనాక్సైడ్ చెప్పే మీటరు కూడా ఉంచండి. పొగాకు మానాలనుకునేవారికి ఉన్న ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356ను హాస్టళ్ల గోడల మీద పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఈ వినతిపత్రం నకళ్లను పోలీసు, మునిసిపల్ అధికారులకు కూడా అందజేస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్ల ఉద్యోగార్థులు
(సంతకాలు జతపరచడమైనది)