నోరు విప్పకుండానే ఇంగ్లీషు పాసు!



పోయిన ఆదివారం సూర్యాపేట నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. దూరవిద్యలో డిగ్రీ పాసయ్యింది, ఇంగ్లీషులో మంచి మార్కులే. హైదరాబాదులో ఇంటర్వ్యూకి పోతే మొదటి ప్రశ్నే అర్థం కాలేదట. "కాగితం మీద రాసిస్తే జవాబు చెప్పేదాన్నన్నా" అంది. మూడేళ్ళలో ఆమె ఇంగ్లీషు మాట్లాడితే విన్న పంతులు ఒక్కడు లేడు. పుస్తకాలు పోస్టులో వచ్చాయి, మూడు గంటలు పరీక్ష రాసింది, అంతే. ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను, ఇది ఒక్కదాని రోగం కాదు. ఈత కూడా ఇట్లాగే పోస్టులో నేర్పుతారా?

మన తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, రాసిందల్లా పలుకుతాం. ఇంగ్లీషువాడు ఒక అక్షరాన్ని ఒత్తి మిగతావి మింగేస్తాడు. 'వాట్ డూ యూ వాంట్ టు డూ' అని చదువుకున్న పిల్లకి 'వాడ్డియ వానడూ' అని వినబడితే ఏం తెలుస్తుంది? 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీదున్న ఒత్తు 'ఫొటోగ్రఫీ'కి వచ్చేసరికి రెండోదాని మీదికి జరుగుతుంది. ఇది చెవికి పట్టాలి గాని పేజీకి పట్టదు. ఎమ్మెస్ మొదటి సెమిస్టరులో ప్రొఫెసర్ జోకేస్తే పక్కవాణ్ణి చూసి నవ్వినవాణ్ణి నేను. మీలో ఎంతమంది కాదు?

సాధనాలు లేక కాదు. బీబీసీ రేడియోలో ఇంగ్లీషు పాఠాలు 1943లోనే మొదలయ్యాయి. చదువు కోసమే 2004లో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపాం. అయితే రేడియో గాని రికార్డు పాఠం గాని చెప్పుకుపోతుందే తప్ప వినదు. తప్పు పలికితే ఆపేదెవరు?

"ఇప్పుడు ఫోన్‌లో ఏఐతో మాట్లాడొచ్చు కదా" అంటారు. వాడమనే నేనూ చెబుతాను. కానీ పరీక్షలో మాట్లాడటానికి మార్కులు లేనప్పుడు, పగలు పనికి పోయి రాత్రి చదివే పిల్ల దానికి గంట ఎందుకిస్తుంది? వందలో నలభై మార్కులు వినడానికీ మాట్లాడటానికీ పెట్టండి. ఫోన్‌లోనే మౌఖిక పరీక్ష చేయండి. స్టడీ సెంటర్లో ఆదివారం క్లాసంటే పంతులు చదివి వినిపించడం మానండి, పిల్లల్ని మాట్లాడనివ్వండి. అమెరికా యాస ఎవరూ అడగలేదు.

ఇక మనం! శిలాఫలకం మీద పేరు పడుతుందంటే కంప్యూటర్లు దానం చేస్తాం. వారానికి అరగంట ఫోన్‌లో మాట్లాడమంటే మాత్రం డెడ్‌లైన్లు గుర్తొస్తాయి. యూనివర్సిటీలకి వినతిపత్రం రాస్తున్నాం, సంతకం పెట్టండి. ఒక్క విద్యార్థినైనా తీసుకోండి, మీకు ఏ రోజు వీలో రాయండి.

చెల్లెతో నేను బుధవారం మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాలు ఇద్దరం సిగ్గుపడి తెలుగులోనే మాట్లాడుకున్నాం.